కాశీలో గంట పడవ ప్రయాణం: పొద్దున్నా సాయంత్రమా, మోటారా తెడ్డా?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది రాజమండ్రి. డిసెంబర్ రెండో వారంలో అమ్మ, నాన్న, మా అత్తగారు, నేను, మా పాప (9 ఏళ్ళు) కాశీ వెళ్తున్నాం, ఉండేది రెండు రాత్రులే. అక్కడ పడవలో ఘాట్లన్నీ చూపిస్తారు కదా, దానికి ఒక గంట పెట్టుకుందాం అనుకుంటున్నా. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, షుగర్ కూడా ఉంది, ధవళేశ్వరంలో ఇరిగేషన్‌లో చేసి రిటైర్ అయ్యారు. అమ్మకేమో 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పట్నుంచి పడవ అంటేనే భయం. అత్తగారు గంగలో దీపం వదలాలంటున్నారు. మా అన్నయ్య మాత్రం సాయంత్రం హారతి టైంకి మోటార్ బోట్ ఎక్కేస్తే రెండూ ఒకేసారి అయిపోతాయి, అనవసరంగా టైం వేస్ట్ చేసుకోకు అంటున్నాడు. ఇంకోటి, శవాలు కాల్చే ఘాట్ల ముందు నుంచి పాపని తీసుకెళ్ళొచ్చా? ఏం చేయమంటారు?

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదవగానే ముందు మీ అన్నయ్యతో మాట్లాడాలనిపించింది. రెండూ కలిపి చేస్తే రెండూ సగం సగమే అవుతాయమ్మా. నేను మొదటిసారి కాశీ వెళ్ళినప్పుడు చేసింది అదే, సాయంత్రం మోటార్ బోట్ ఎక్కాం, పది నిమిషాల్లో బయల్దేరుతాం అని చెప్పి ముప్పావు గంట కూర్చోబెట్టాడు, నిండేదాకా జనాన్ని ఎక్కిస్తూనే ఉన్నాడు, బయల్దేరేసరికి చీకటి పడిపోయింది, ఎవరో ఒకాయన నిలబడి చేత్తో అటు ఇటు చూపిస్తూ ఏదో చెప్తున్నాడు గానీ ఇంజిన్ చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు. లైఫ్ జాకెట్ అడిగితే గానీ ఇవ్వలేదు. హారతి దగ్గరికొచ్చాక మా పడవ పక్కన ఇంకో పడవ, దాని పక్కన ఇంకోటి, అన్నీ ఒకదానికొకటి ఆనించేసి కదలకుండా నిలబెట్టేశారు. పూజారులు గంగ వైపే తిరిగి హారతిస్తారు కాబట్టి పడవలోంచి ఎదురుగా బాగా కనపడుతుంది అంటారు, అది నిజమే, కానీ ముందు వరసలో పడవ దొరికితేనే. మాకు కనపడింది ముందు పడవలో నిలబడినవాళ్ళ వీపులూ ఫోన్లూ. దిగేటప్పుడు రెండు పడవలు దాటుకుని దిగాల్సొచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఆ చీకట్లో ఊగే పడవ మీంచి ఇంకో ఊగే పడవ మీదకి కాలెయ్యడం అంటే ఊహించుకో. మీ నాన్నగారి చేత ఆ పని చేయించొద్దు.

రెండోసారి మా అత్తగారిని తీసుకుని వెళ్ళా. ఆవిడ పట్టుబట్టింది, నాకు ఇంజిన్ పడవ వద్దే, నాటు పడవే కావాలి అని. పొద్దున్నే అస్సీ ఘాట్ దగ్గర తెడ్డు పడవ మాట్లాడుకున్నాం. ఆ రోజు తెలిసింది నాకు కాశీ పడవ అంటే ఏంటో. తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు తప్ప ఇంకేం లేదు, గుడిలో గంటలు, మెట్ల మీద బట్టలు బాదుతున్న చప్పుడు, ఎవరో స్నానం చేస్తూ గట్టిగా చదువుకుంటున్న సంకల్పం, అన్నీ నీళ్ళ మీదుగా మన చెవుల్లోకి వచ్చేస్తాయి. కేదార్ ఘాట్ ముందుకి వచ్చేసరికి ఒడ్డు మీంచి ఎవరో "ఒసేయ్, ఆ చెంబు ఇలా తే" అని అరిచారు, అచ్చ తెలుగులో, మా అత్తగారు పడవలోంచి లేచి నిలబడబోయింది ఎవరో మనవాళ్ళే అని! కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనుకున్న రోజుల్నుంచి కూడా మనవాళ్ళు వెళ్తూనే ఉన్నారు కదా. అందుకే నా మాట ఒక్కటే, పొద్దున్నే వెళ్ళు, తెడ్డు పడవే ఎక్కు, పడవవాణ్ణి తొందరలేకుండా మెల్లగా పోనిమ్మను.

పొద్దున్నే ఎందుకంటున్నానో చెప్తా, ఇది మీ రాజమండ్రి వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. మీ ఊరు గోదారికి తూర్పు ఒడ్డున ఉంది, అందుకే సాయంత్రాలు పుష్కరాల రేవులో కూర్చుంటే సూర్యుడు కొవ్వూరు వైపు నీళ్ళలోకి దిగిపోతున్నట్టు కనపడతాడు. కాశీ దానికి సరిగ్గా రివర్స్. ఊరంతా గంగకి పడమటి ఒడ్డునే ఉంది, మెట్లన్నీ తూర్పు వైపే చూస్తుంటాయి, ఘాట్లకి సరిగ్గా ఎదురుగా అవతల ఒడ్డున ఊరనేదే లేదు, ఉత్త ఇసుక. ఆ ఇసుక మీంచి సూర్యుడు లేస్తే ఆ మొదటి ఎండ అడ్డం అనేదే లేకుండా వచ్చి ఘాట్ల మీద, రాజుల కోటల మీద, గుళ్ళ శిఖరాల మీద పడుతుంది, ఊరంతా పసుపు పూసినట్టైపోతుంది. సాయంత్రమైతే సూర్యుడు ఊరి వెనక్కి వెళ్ళిపోతాడు, ఘాట్లన్నీ నీడలోనే ఉంటాయి. ఇంకో విశేషం, గంగ కాశీ దగ్గర ఉత్తరం వైపు పారుతుంది, వచ్చిన హిమాలయాల వైపే మళ్ళీ తిరిగినట్టు, ఉత్తరవాహిని అని అందుకే అంత గొప్పగా చెప్పుకుంటారు.

మీ నాన్నగారికి ఇది చూపించు, చాలా సంతోషిస్తారు. నది అక్కడ వంపు తిరుగుతుంది కదా, వంపు బయటి వైపున నీళ్ళు ఒరుసుకుంటూ పోయి లోతు చేస్తాయి, లోపలి వైపున ఇసుక మేట వేస్తుంది. కాశీ కట్టింది ఆ బయటి ఒడ్డున, ఎత్తైన గట్టి నేల మీద. అందుకే వేల ఏళ్ళుగా నది అటు ఇటు పోకుండా ఊరిని అంటిపెట్టుకునే ఉంది, అవతల ఒడ్డున మాత్రం వానాకాలం వస్తే అంతా మునిగిపోతుంది, ఎండాకాలం వస్తే మళ్ళీ ఇసుక తిన్నె. జీవితమంతా బ్యారేజీ దగ్గర గడిపిన మనిషి ఆయన, పాపకి ఆయన చేతే చెప్పించు, గైడ్ అక్కర్లేదు నీకు.

కానీ దీంట్లోనే అమ్మగారి విషయం కూడా ఉంది కాబట్టి దాచకుండా చెప్తున్నా. లోతు ఎక్కువ ఉండేది ఘాట్ల వైపే. ఒడ్డు దగ్గరే కదా ఏమవుతుందిలే అనుకోకూడదు. కచ్చులూరు తర్వాత భయపడటం పిరికితనం కాదమ్మా, ఆ రోజు 2019 సెప్టెంబర్ 15, గోదారి వరద మీద ఉంది, అలాంటి నదిలో బోటు తిప్పారు. గోదారి పక్కన పుట్టి పెరిగిన మనిషికి ఆ సంగతి ఒంట్లో ఉండిపోతుంది. ఆవిడతో "ఏం కాదులే" అనకు, అది ఎవరికీ ధైర్యం ఇవ్వదు. చెప్పాల్సినవి వేరే ఉన్నాయి: కాశీలో కూడా జులై నుంచి సెప్టెంబర్ దాకా గంగ పొంగితే మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు, మీరు వెళ్ళేది డిసెంబర్‌లో, అప్పటికి నది బాగా తగ్గి నెమ్మదిగా ఉంటుంది. జాకెట్ అందరికీ వేయించు, నువ్వూ వేసుకో, ముందు నువ్వు వేసుకుంటేనే అమ్మగారు వేసుకుంటారు, బెల్టు బిగించి చూడు ఊరికే మెడలో తగిలించడం కాదు. పాపకి పిల్లల సైజు జాకెట్ ఉందో లేదో ఎక్కక ముందే అడుగు, పెద్దవాళ్ళది వేస్తే నీళ్ళలో జారిపోతుంది. అమ్మగారిని పడవ మధ్యలో కూర్చోబెట్టు, అంచున కాదు. ఫోటో కోసం అందరూ ఒకే వైపుకి లేచి రాకూడదు, తెడ్డు పడవ తలకిందులయ్యే ప్రమాదం దాంట్లోనే ఉంది. పక్క నుంచి మోటార్ బోట్ స్పీడుగా పోతే దాని అలకి చిన్న పడవ ఊగుతుంది, ఒక నిమిషంలో సర్దుకుంటుంది, ఈ మాట ముందే చెప్పి ఉంచితే ఆవిడ కంగారు పడరు.

ఇవన్నీ చెప్పాక కూడా ఆవిడ చిన్న పడవ నావల్ల కాదు అంటే బలవంతం చేయొద్దు. డబుల్ డెక్కర్ క్రూజ్‌లు కూడా తిరుగుతున్నాయి ఇప్పుడు, ఏసీ ఉంటుంది, కుర్చీలుంటాయి, లోపల టాయిలెట్ ఉంటుంది, షుగర్ ఉన్న నాన్నగారికి అది చిన్న సంగతేం కాదు. అస్సీకి పక్కనే రవిదాస్ ఘాట్ నుంచి, అటు చివర నమో ఘాట్ నుంచి ఎక్కిస్తారు, రెండు చోట్లా కారు దగ్గరదాకా వస్తుంది. క్రూజ్ నడి గంగలో పోతుంది కాబట్టి ఘాట్లు కొంచెం దూరంగా కనపడతాయి, నేను చెప్పిన చప్పుళ్ళు ఉండవు. అయినా మీ అమ్మగారు ధైర్యంగా కూర్చుని చూడగలిగేది ఏదైతే అదే ఆవిడకి మంచి పడవ. తెడ్డు పడవలో కళ్ళు మూసుకుని గంట సేపు రామ రామ అనుకుంటూ కూర్చోవడం కంటే అది నయం. లేదంటే అమ్మగారూ నాన్నగారూ క్రూజ్‌లో, మీరు ముగ్గురూ తెడ్డు పడవలో వెళ్ళినా తప్పేం లేదు.

తెడ్డు పడవే అనుకుందాం. అస్సీలో ఎక్కండి. అస్సీ దక్షిణం చివర, నది ఉత్తరానికి పారుతుంది కాబట్టి అక్కణ్ణుంచి అన్నీ వాలు ప్రయాణమే, పడవవాడికి సుఖం, మనకి మెల్లగా సాఫీగా ఉంటుంది. చాలామంది దశాశ్వమేధ్‌లో ఎక్కి అటు కొంచెం ఇటు కొంచెం తిరిగి మళ్ళీ అక్కడే దిగుతారు, సగం సేపు ఎదురీతకే పోతుంది. అస్సీలో తెల్లవారకముందే సుబహ్-ఎ-బనారస్ అని హారతి, సంగీతం జరుగుతాయి, 2014 నుంచి నడుస్తోంది అది, కాసేపు అక్కడ కూర్చుని, టాయిలెట్ పని చూసుకుని, వెలుగు రాగానే పడవెక్కొచ్చు. డిసెంబర్‌లో సూర్యోదయం ఆరున్నరకి. ఎక్కగానే ఎడమ వైపు చూసేలా కూర్చోండి, ఘాట్లన్నీ ఎడమ చేతి వైపే వస్తాయి, కుడి వైపు సూర్యుడు.

దిగడం మాత్రం దశాశ్వమేధ్‌లో వద్దు. మెట్లెక్కి మళ్ళీ గొదౌలియా కూడలి దాకా ఆ జనంలో నడవాలి, బండ్లు రానివ్వరు. మణికర్ణిక, పంచగంగ దగ్గరైతే మెట్లు నిటారుగా ఉంటాయి, అవి నాన్నగారికి అస్సలు కుదరవు. నమో ఘాట్ దాకా పోనివ్వండి, కొత్తగా కట్టారు, ర్యాంపులున్నాయి, పార్కింగ్ ఉంది, మీ కారు డ్రైవర్‌ని అక్కడికి రమ్మని చెప్పేయి. మొత్తం ఆరేడు కిలోమీటర్లు, నువ్వనుకున్న గంట కాస్తా ఎక్కువవుతుంది, ఇంకో గంట చేతిలో పెట్టుకో. పడవవాడు ఖాళీ పడవని ఎదురు నీళ్ళలో వెనక్కి తెచ్చుకోవాలి కాబట్టి దానికి కూడా కలిపి అడుగుతాడు, అది న్యాయమే, ఇచ్చేయండి.

బేరం దగ్గర జాగ్రత్తగా ఉండాల్సిన మాట ఒకటుంది. ఒడ్డు మీద చెప్పిన రేటు మనిషికా పడవకా అనేది ఎక్కకముందే తేల్చుకో, "ఏక్ ఆద్మీ కా, యా పూరీ నావ్ కా?" అని అడుగు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఇంకెవర్నీ ఎక్కించకూడదు, ఇవన్నీ ఒకసారి గట్టిగా అనిపించుకుని ఎక్కు. ఆ రోజు రేటు ఎంత నడుస్తోందో మీరు దిగే లాడ్జిలోనో సత్రంలోనో ముందు రోజు రాత్రే కనుక్కుంటే సరిపోతుంది. ఇలా చెప్తున్నానని పడవవాళ్ళని అనుమానంగా చూడొద్దు. మల్లాలు, నిషాదులు అంటారు వాళ్ళని, తరతరాలుగా గంగ మీదే బతుకుతున్నారు, అస్సీ నుంచి వచ్చేటప్పుడు నిషాద్ ఘాట్ అని వాళ్ళ పేరు మీదే ఒక ఘాట్ కూడా వస్తుంది. మన గుహుడు ఆ కులం వాడే కదా, రాముణ్ణి గంగ దాటించినవాడు, పాపకి ఆ కథ తెలిసే ఉంటుంది.

ఇక ఏం చూడాలో. 84 ఘాట్లు ఉన్నాయంటారు, అన్నీ గుర్తుపెట్టుకోవాలని చూడొద్దు, ఎవరికీ గుర్తుండవు. బయల్దేరగానే తులసీ ఘాట్, తులసీదాసు ఉన్న చోటు, 1623లో ఆయన దేహం విడిచింది అక్కడే. తర్వాత కోటలా ఎత్తైన గోడతో చేత్ సింగ్ ఘాట్ వస్తుంది. పాపకి ఇక్కడ కథ చెప్పు. 1781లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ కాశీ రాజు చేత్ సింగ్‌ని ఇంకా డబ్బు కట్టమని పీడించి చివరికి ఆ కోటలోనే నిర్బంధించాడు. కాపలా పెట్టిన సిపాయిలకి తుపాకులిచ్చారు గానీ మందుగుండు ఇవ్వడం మర్చిపోయారు. ఈలోగా అవతల ఒడ్డునే కాస్త ఎగువన ఉన్న రామ్‌నగర్ నుంచి రాజుగారి మనుషులు పడవల్లో వచ్చి పడ్డారు, ఆ గలాటాలో రాజు తలపాగాలు ఒకదానికొకటి ముడేసి తాడులా చేసి కిటికీలోంచి గంగలోకి దిగి పడవెక్కి పారిపోయాడు. హేస్టింగ్స్ కూడా ప్రాణం అరచేతిలో పెట్టుకుని చునార్ కోటకి పరిగెత్తాడు. పడవలోంచి ఆ గోడ ఎత్తు చూస్తూ వింటుంటే ఆ కథ వేరు, మీ పాప ఏ కిటికీ ఏ కిటికీ అని అడుగుతూనే ఉంటుంది చూడు.

హరిశ్చంద్ర ఘాట్ కూడా శవాలు కాల్చే ఘాటే, అక్కడ మన పెద్దవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, కాటి సీను పద్యాలు విన్నవాళ్ళు కదా, మీ నాన్నగారు పాడతారేమో కూడా. అది దాటగానే, కేదార్ ఘాట్ రాకముందు, విజయనగరం ఘాట్ అని ఉంటుంది, అవును మన విజయనగరమే, ఆ మహారాజులు కట్టించిందే, అక్కడ పడవ ఒక్క క్షణం ఆపమను. తర్వాత ఎర్ర తెలుపు చారలతో గౌరీ కేదారేశ్వరుడి గుడి. మన దక్షిణాది వాళ్ళంతా ఉండేది ఆ చుట్టుపక్కలే, ఇంకొంచెం ముందుకెళ్తే మానససరోవర్ ఘాట్, ఆంధ్రాశ్రమం ఉండేది అక్కడే. మా అత్తగారు తెలుగు విన్నది ఇక్కడేనని చెప్పా కదా, పొద్దున్న ఏడు గంటలప్పుడు నువ్వూ చెవులు పెట్టి విను.

దశాశ్వమేధ్ పెద్దది, జనం ఎక్కువ, అదే తెలుస్తుంది. పక్కనే మాన్ మందిర్ ఘాట్, ఆమేర్ రాజు మాన్ సింగ్ కట్టించిన భవనం, దాని డాబా మీద తర్వాత జై సింగ్ నక్షత్రాలని కొలిచే యంత్రాలు పెట్టించాడు, చెక్కిన రాతి కిటికీలు చాలా బాగుంటాయి. లలితా ఘాట్ దగ్గర కొత్తగా కట్టిన విశ్వనాథ కారిడార్ ద్వారం కనపడుతుంది, 2021 డిసెంబర్‌లో తెరిచారు, దానికి కొద్దిగా పక్కన చెక్కతో చేసిన నేపాలీ గుడి ఉంటుంది, పెద్ద కట్టడాల మధ్యలో కళ్ళు దాటిపోతుంది, వెతుక్కుని చూడాలి.

మణికర్ణిక. పాప గురించి అడిగావు కదా. తీసుకెళ్ళు. కానీ ముందు రోజు రాత్రే చెప్పు, పడవలో హఠాత్తుగా చూపించొద్దు. తొమ్మిదేళ్ళ పిల్లకి అర్థమవుతుంది, మనుషులు చనిపోయాక ఇక్కడికి తెస్తారు, రాత్రీ పగలూ మంట ఆరకుండా ఉంటుంది, కాశీలో పోతే శివుడే చెవిలో తారకమంత్రం చెప్తాడని నమ్మకం, అని మామూలు గొంతుతో చెప్తే చాలు. పడవ దూరంగానే పోతుంది, కనపడేవి మంటలూ పొగా కట్టెల గుట్టలూ. పిల్లలు మనం భయపడితేనే భయపడతారు. ప్రశ్నలడిగితే సమాధానం చెప్పు, నాయనమ్మే చెప్తే ఇంకా మంచిది. ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండు, అక్కడ ఫోన్లన్నీ బ్యాగులోకి వెళ్ళిపోవాలి, అందరివీ. అక్కడ కాలుతున్నది ఎవరి నాన్నో ఎవరి అమ్మో, ఆ కుటుంబం మెట్ల మీద నిలబడి ఉంటుంది, మనం పడవలోంచి వీడియో తీస్తే వాళ్ళకి ఎలా ఉంటుంది? స్నానాలు చేస్తున్న ఆడవాళ్ళ ఫోటోలు కూడా అంతే, తీయొద్దు.

దాన్ని ఆనుకునే సింధియా ఘాట్‌లో నీళ్ళలోకి ఒరిగిపోయిన గుడి ఉంటుంది, రత్నేశ్వర మహాదేవుడిది, ఏడాదిలో చాలా నెలలు గర్భగుడి మునిగే ఉంటుంది. పాప మణికర్ణిక దగ్గర మౌనంగా అయిపోతే ఇది చూపించు, మళ్ళీ మాటలొస్తాయి.

అసలు నన్నడిగితే చాలామంది పడవని మణికర్ణిక దగ్గరే వెనక్కి తిప్పేయించుకుని పోగొట్టుకునేది పంచగంగ ఘాట్‌ని. పైన ఎత్తున ఔరంగజేబు కాలంలో కట్టిన మసీదు కనపడుతుంది, అక్కడే అంతకుముందు బిందుమాధవుడి గుడి ఉండేది. ఆ మెట్ల మీదే తెల్లవారుజామున కబీరు పడుకుని ఉంటే రామానందుడి కాలు తగిలి ఆయన నోట రామ అన్న మాట వచ్చిందని, అదే కబీరుకి ఉపదేశమైందని చెప్పుకుంటారు. మనకి ఇంకా దగ్గరి సంగతి ఇంకోటుంది, త్రైలింగ స్వామి మఠం అక్కడే. తెలుగు దేశం నుంచి వచ్చినాయన కాబట్టి కాశీ వాళ్ళు ఆ పేరు పెట్టారు, విజయనగరం ప్రాంతం ఆయనది, 1887లో సిద్ధి పొందేదాకా కాశీలోనే ఉన్నారు, రామకృష్ణ పరమహంస కూడా వచ్చి దర్శనం చేసుకున్నారు. పడవలోంచి అయినా ఒక నమస్కారం పెట్టుకోండి. కార్తీకంలో అయితే ఈ ఘాట్‌లో వెదుళ్ళ మీద ఆకాశదీపాలు వేలాడదీస్తారు, మీరు వెళ్ళేసరికి అయిపోతాయి. దేవ్ దీపావళికి, అంటే కార్తీక పౌర్ణమికి వెళ్ళకుండా మీరు డిసెంబర్ పెట్టుకోవడమే మంచిదైంది, ఆ ఒక్క రాత్రి పడవ దొరకడమే కష్టం, దొరికినా రేటు చెప్పనలవి కాదు, ముసలివాళ్ళు ఆ తోపులాట తట్టుకోలేరు.

చివర్లో మాలవీయ వంతెన వస్తుంది, 1887లో డఫరిన్ బ్రిడ్జి అని కట్టింది. పైన రోడ్డు, కింద రైలు. నాన్నగారు చూడగానే మన రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి లాగే ఉందే అంటారు. దాని పక్కనే నమో ఘాట్, దిగిపోవచ్చు.

అత్తగారి దీపం. పోలి స్వర్గం రోజు మీరు గోదాట్లో అరటి దొప్పల్లో వదులుతారే, అలాగే అక్కడ ఆకు దొన్నెలో పువ్వులూ వత్తీ పెట్టి అమ్ముతారు. అస్సీ ఒడ్డు మీదే కొనుక్కుని పడవెక్కండి. నడి గంగలో వేరే పడవల్లో వచ్చి చేతిలో దీపం పెట్టి, సంకల్పం చెప్పించి, తర్వాత దక్షిణ ఇంత అని పట్టుబట్టేవాళ్ళు ఉంటారు, అప్పుడు అత్తగారు కాదనలేక ఇబ్బంది పడతారు. ప్లాస్టిక్ గిన్నెలో అమ్మేవి కొనొద్దు, ఆకుదే కొనండి. వదిలేటప్పుడు లేచి నిలబడకుండా, కూర్చునే, పడవవాణ్ణి తెడ్డు ఆపమని చెప్పి, ఒకరు ఆవిడ నడుం పట్టుకుని ఉండగా వదలమను. దీపం గాలికి ఆరిపోతే అపశకునం అనుకోకుండా ఇంకోటి వెలిగించుకోవడానికి రెండు మూడు కొని ఉంచు.

పాపకి పక్షులు కూడా కనపడతాయి ఆ నెలలో, ఎక్కడో చలిదేశాల నుంచి వచ్చే తెల్ల కొంగల్లాంటివి, గంగ మీద గుంపులుగా ఎగురుతుంటాయి, పడవల్లో వాళ్ళకి వెయ్యమని కారప్పూస ప్యాకెట్లు అమ్ముతారు. కొనొద్దు. నూనెలో వేయించినవి ఆ పిట్టలు తినేవి కావు. ఊరికే చూసినా బాగుంటాయి.

సాయంత్రం హారతికి దశాశ్వమేధ్ బదులు మళ్ళీ అస్సీకే వెళ్ళండి. అక్కడా సాయంత్రం హారతి ఉంటుంది, జనం తక్కువ, విశాలంగా ఉంటుంది, నాన్నగారు మెట్లు దిగకుండానే పైన కూర్చుని చూడొచ్చు. మీ అన్నయ్య దశాశ్వమేధ్ చూడలేదా అంటే, పొద్దున పడవలోంచి చూశాం అని చెప్పు.

ఇంకా చలి సంగతి. గోదావరి జిల్లా చలి కాదది, డిసెంబర్ పొద్దున్న గంగ మీద పది డిగ్రీల కింద కూడా ఉంటుంది, పడవలో గాలి నేరుగా తగులుతుంది. మంకీ క్యాపులు, సాక్సులు, ముగ్గురు పెద్దవాళ్ళకీ ఒక్కో శాలువా, కాళ్ళ కింద వేసుకోవడానికి ఒక దుప్పటి. పొగమంచు దట్టంగా ఉంటే ఎదురుగా ఉన్న ఘాట్ కూడా కనపడదు, అందుకని పొద్దున లేవగానే కిటికీ తీసి చూసి, మంచు ఉంటే హడావిడి పడకుండా ఎనిమిదిన్నర తొమ్మిదికి వెళ్ళండి, సూర్యోదయం పోతే పోయింది, మంచులో మోటార్ బోట్లు తిరిగేచోట చిన్న పడవలో ఉండటం మంచిది కాదు. రెండు రాత్రులు ఉంటున్నారు కాబట్టి మొదటి పొద్దున్నే పెట్టుకో, అది చెడితే రెండోది చేతిలో ఉంటుంది.

దిగాక కారులో చౌక్ వైపు వెళ్తే చలికాలంలో మాత్రమే దొరికే మలయ్యో తినండి, పాలని రాత్రంతా మంచులో పెట్టి పొద్దున్నే చిలికి తీసిన నురగ, కుంకుమపువ్వు వేసి మట్టి కప్పుల్లో ఇస్తారు, నోట్లో పెట్టుకోగానే ఉండదు. నాన్నగారికి షుగర్ కదా, ఆయనకి పాప కప్పులోంచి ఒక చెంచా. ఎండ ఎక్కితే కరిగిపోతుంది, అమ్మేవాళ్ళు కూడా సర్దేస్తారు, అందుకని పడవ దిగగానే వెళ్ళిపోండి.